మూసలోంచి లేచే పొగలో ఏముంది?

పాత రిలేలు, కంప్యూటర్ బోర్డులు, బ్యాటరీ పలకలు, నగల దుకాణంలో ఊడ్చిన మట్టి... వీటిలోంచి వెండి, బంగారం, సీసం ఇంట్లోనే తీద్దామనుకునేవాళ్ల ఉత్తరాలు ఈమధ్య పెరిగాయి. ఎంత దిగుబడి వస్తుందని అడిగినవాటిని పక్కన పెట్టి, ఒంటికి ఏమవుతుందని అడిగినవాటికి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మాది ఎలక్ట్రికల్ రిపేరు షాపు. పాత కాంటాక్టర్ల (మోటార్లను ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్చుల) వెండి పాయింట్లు కిలోన్నర దాకా పోగయ్యాయి. పావుకిలో మూసలో వేసి, వెలిగారం, కాస్త బొగ్గుపొడి చల్లి గ్యాస్ టార్చితో కరిగించాను. గోధుమరంగు పొగ లేచింది. ఆ రాత్రి చలిజ్వరం, గొంతుమంట, దగ్గు. రెండు రోజులకు తగ్గింది. ఇంట్లో వాళ్లు వేడి చేసిందంటున్నారు. మిగతాది కరిగించవచ్చా? (తెనాలి)

జవాబు: వద్దు. ఇంకొక్క పాయింటు కూడా కరిగించకండి. ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి.

కాంటాక్టరు పాయింటు ఒట్టి వెండి కాదు. నిప్పురవ్వలకు అతుక్కుపోకుండా వెండిలో వేరే పదార్థం కలుపుతారు. చాలాకాలం పాటు వాడింది కాడ్మియం ఆక్సైడు, సాధారణంగా నూటికి 10 నుంచి 15 పాళ్లు. ఈమధ్య తగరపు ఆక్సైడు, నికెల్ కలిపినవి వస్తున్నాయి గానీ కంటితో చూసి ఏది ఏదో చెప్పలేం. పాత సరుకైతే కాడ్మియమే అనుకోవాలి. పాయింటును ఇత్తడి చేతికి అతికిన టంకంలోనూ కాడ్మియం ఉండవచ్చు. ఒకప్పుడు బాగా వాడుకలో ఉన్న ఒక వెండి టంకంలో 45 పాళ్లు వెండి అయితే 24 పాళ్లు కాడ్మియం.

లెక్క చూడండి. వెండి కరగడానికి 962 డిగ్రీలు కావాలి. కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరైపోతుంది. మీరు చల్లిన బొగ్గుపొడి ఆక్సైడులోని ఆక్సిజన్‌ను లాక్కుని దాన్ని లోహంగా మార్చింది. వెండి కరిగేలోపే ఆ లోహం ఆవిరై, గాలి తగలగానే మళ్లీ మండి ఆక్సైడయింది. మీరు చూసిన గోధుమరంగు పొగ అదే. పావుకిలోలో నూటికి 12 పాళ్లు అనుకుంటే 30 గ్రాముల కాడ్మియం ఆక్సైడు. పనిచేసే చోట గాలిలో ఉండదగ్గ కాడ్మియానికి అమెరికా కార్మిక భద్రతా సంస్థ పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో రెండు లక్షలో వంతు.

ఇత్తడి పోతపోసేవాళ్లకు జింకు పొగ వల్ల చలిజ్వరం రావడం తెలిసిందే. పొగ పీల్చిన కొన్ని గంటలకు మొదలై, ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే పోతుంది. కాడ్మియం పొగ కూడా మొదట అచ్చం అలాగే కనిపిస్తుంది, మోసం అక్కడే. ఆ పూటకు పెద్దగా ఏమీ ఉండదు. తర్వాత ఒకటి రెండు రోజుల్లో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. మీరు ఈసారి గట్టెక్కారు. అయినా ఛాతీ ఎక్స్‌రే, మూత్రంలో కాడ్మియం, మూత్రంలో ప్రొటీన్, సీరం క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. కాడ్మియం మూత్రపిండాల్లో చేరితే అందులో సగం బయటికి పోవడానికి పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల దాకా పడుతుంది. దాన్ని బయటికి లాగే నమ్మకమైన మందు ఇప్పటికీ లేదు. వైద్యుడి దగ్గర ‘జ్వరం వచ్చింది’ అని ఊరుకోకండి. ‘కాడ్మియం ఉన్న వెండి కరిగించాను, ఫలానా రోజు, ఇంతసేపు’ అని చెప్పండి. అది చెప్పకపోతే వైరల్ జ్వరమని పారాసెటమాల్ రాసి పంపేస్తారు, వాళ్ల తప్పు కూడా కాదు.

మిగిలిన కిలోపావును పాయింట్లుగానే, కరిగించకుండా, పరీక్ష చేసి కొనే రిఫైనరీకి అమ్మండి. కొంత తరుగు పోతుంది, పోనివ్వండి. నైట్రిక్ యాసిడ్‌లో కరిగిస్తే పొగ బాధ తప్పుతుందని కొందరు సలహా ఇస్తారు. తప్పేది కాడ్మియం పొగ ఒక్కటే. కాడ్మియం ద్రావణంలోకి దిగి మీ బకెట్‌లో కూర్చుంటుంది, పైగా ఎర్రటి నైట్రోజన్ డయాక్సైడు వాయువు వస్తుంది.

ప్రశ్న: ఎన్95 మాస్కు పెట్టుకుని, కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసుకుంటే చాలదా? (హైదరాబాద్, కూకట్‌పల్లి)

జవాబు: దేన్నుంచి రక్షణ అన్నది ముందు తేల్చుకోవాలి. సీసం, కాడ్మియం, జింకు పొగలు నిజానికి అతిసన్నని ఘన రేణువులు. రేణువుల్ని వడపోత ఆపగలదు. అయినా ఇలాంటి విషాలకు ఎన్95 చాలదు. ముఖానికి రబ్బరుతో అతుక్కునే సగం మాస్కుకు పీ100 వడపోత బిళ్లలు బిగించుకోవాలి. గడ్డం ఉంటే ఏ మాస్కూ పని చెయ్యదు, అంచుల్లోంచి గాలి దూరిపోతుంది. పెట్టుకున్నాక బిళ్లల్ని అరచేతులతో మూసి గాలి పీల్చండి, మాస్కు ముఖానికి లోపలికి లాక్కుని అలాగే నిలబడాలి.

పాదరసం ఆవిరి రేణువు కాదు, వాయువు. ఎన్95లోంచి, పీ100లోంచి కూడా దర్జాగా దాటిపోతుంది. దానికి ప్రత్యేకంగా పాదరసానికని రాసి ఉన్న కార్ట్రిడ్జి (మాస్కుకు బిగించే, వాయువును పట్టే డబ్బా) కావాలి. నైట్రిక్ యాసిడ్ నుంచి వచ్చే ఎర్రపొగకు మామూలు యాసిడ్ కార్ట్రిడ్జిని నమ్ముకోలేం. ఆ వాయువు గొంతులో పెద్దగా మంట పుట్టించకుండా లోపలికి పోయి, కొన్ని గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు ఊపిరాడనివ్వదు.

కిటికీ ఫ్యాను సంగతి. పొగ మూసలోంచి లేచి మీ ముఖం మీదుగా ఫ్యాను దాకా పోతుంటే, పొగను మీ ముక్కుకు చేర్చడానికి కరెంటు ఖర్చు పెట్టినట్టే. పని ఒక పెట్టెలో జరగాలి. మూడు వైపులా, పైనా మూసి, ముందు వైపు మాత్రమే తెరిచి, వెనక పైభాగం నుంచి గాలి లాగాలి. తెరిచిన చోట గాలి లోపలికి సెకనుకు అర మీటరు వేగంతో పోవాలి. ముందు తెరుపు 60 × 40 సెంటీమీటర్లయితే 0.24 చదరపు మీటర్లు, అంటే గంటకు 430 ఘనపు మీటర్ల గాలి. ఫ్యాను పెట్టె మీద రాసే అంకె గొట్టం లేకుండా కొలిచింది కాబట్టి దానికి రెట్టింపు సామర్థ్యం తీసుకోండి. అగరుబత్తి వెలిగించి తెరుపు అంచుల వెంబడి, నాలుగు మూలలా పట్టండి. పొగ ఎక్కడా బయటికి తిరగకూడదు. గొట్టం చివర డాబా పైకి పోవాలి, పక్కింటివాళ్ల వంటింటి కిటికీలోకి కాదు. ఇంత చేసినా ఇది యాసిడ్ పనికి, చిన్న కరుగుకు మాత్రమే. పాదరసాన్ని, కాడ్మియాన్ని ఇంట్లో కాల్చడానికి ఏ పెట్టే చాలదు.

ప్రశ్న: దుకాణం ఊడ్చిన మట్టిని పాదరసంతో పట్టి, ముద్దను ఇనుప గరిటెలో కాల్చి బంగారం తీయడం పెద్దలు చేసేవారు. గొట్టం పెట్టి ఆవిరిని నీళ్లలోకి దింపితే పాదరసం తిరిగి వస్తుందంటున్నారు. ఇంట్లో చేసుకోవచ్చా? ఇంట్లో ఒక సీసాలో సుమారు 200 గ్రాముల పాదరసం కూడా ఉంది. (ప్రొద్దుటూరు)

జవాబు: 1989లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒక ఇంటి నేలమాళిగలో, పళ్లకు నింపే అమాల్గం నుంచి వెండి తీయాలని ఒకతను చిన్న కొలిమిలో దాన్ని కరిగించాడు. పంటి అమాల్గంలో దాదాపు సగం పాదరసమే. ఆవిరి ఇంటి గాలి గొట్టాల్లోకి చేరి గది గదికీ పాకింది. కరిగించినతనితో కలిపి ఆ ఇంట్లోని నలుగురు పెద్దవాళ్లూ చనిపోయారు. పాదరసాన్ని బయటికి లాగే మందులిచ్చినా ఊపిరితిత్తులు కోలుకోలేదు. ఆ నలుగురిలో ముగ్గురు కొలిమి ముట్టుకోనివాళ్లు.

మీ పెద్దలు ఆరుబయట, గాలివాటు చూసుకుని చేసి ఉంటారు. అయినా వాళ్ల చేతుల వణుకు, చిగుళ్ల వాపు, చిరాకు ముసలితనానివే అనుకుని ఉండవచ్చు. పాదరసపు విషం లక్షణాలు సరిగ్గా అవే.

గొట్టం పద్ధతి సూత్రం సరైనదే. పాదరసం 357 డిగ్రీలకు మరుగుతుంది, చల్లబరిస్తే తిరిగి ద్రవమవుతుంది. ఇంట్లో చేసేటప్పుడు చెడేది మూడు చోట్ల. మూత అతుకు వేడికి కొద్దిగా విడినా ఆవిరి అక్కడినుంచే వస్తుంది. ఆవిరికి రంగూ లేదు, వాసనా లేదు, కారుతున్నట్టు తెలియదు. ఇక గొట్టం చివర నీళ్లలో లోతుగా మునిగి ఉండగా మంట తగ్గిస్తే, నీళ్లు వెనక్కి పీల్చుకుని ఎర్రగా కాలిన పాత్రలో పడి పేలుతుంది. పాత్ర చల్లారక ముందే మూత తీసేవాళ్లకు మిగిలిన ఆవిరి నేరుగా ముఖానికి కొడుతుంది. కాబట్టి చేయకండి.

సీసాలో ఉన్నది కూడా ఊరికే కూర్చోలేదు. 25 డిగ్రీల దగ్గర పాదరసం మీది గాలి ఘనపు మీటరుకు దాదాపు 20 మిల్లీగ్రాముల దాకా ఆవిరిని పట్టుకోగలదు. పని చేసేచోట అమెరికా పారిశ్రామిక ఆరోగ్య నిపుణులు సూచించే హద్దు 0.025 మిల్లీగ్రాములు. అంటే 800 రెట్లు. ప్రతి 10 డిగ్రీలకూ అది ఇంచుమించు రెట్టింపవుతుంది, ప్రొద్దుటూరు ఎండలు మీకు చెప్పక్కర్లేదు. సీసాకు గట్టి మరమూత పెట్టి, దాన్ని ఇంకో ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, ఇంటి బయట చల్లని చోట తాళం వేసి, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయాన్ని అడిగి అప్పగించండి.

ఒలికితే చీపురుతో ఊడవకండి, వాక్యూమ్ క్లీనర్ అసలు పెట్టకండి. చీపురు గోళీల్ని పొడి చేస్తుంది, వాక్యూమ్ ఆవిరి చేసి గదంతా చిమ్ముతుంది. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, గట్టి అట్టముక్కలతో గోళీల్ని ఒకచోటికి తోసి, డ్రాపరుతో ఎత్తి, సందుల్లోవి టేపుతో అంటించి తీసి, అన్నీ మూత బిగించే సీసాలో వెయ్యండి. పరీక్ష చేయించాలనుకుంటే లోహపు పాదరసానికి మూత్రపరీక్ష. రక్తపరీక్షకు ముందు చేపలు తిని ఉంటే అంకె పెరగవచ్చు, అది వేరే రకం పాదరసం.

ప్రశ్న: పాత బ్యాటరీ పలకలు కరిగించి వలలకు కట్టే సీసపు గుండ్లు పోస్తాను. ఈమధ్య సీసంతో పుటం వేసి (సీసంతో కలిపి కరిగించి, ఆ సీసాన్ని ఆక్సైడుగా విడగొట్టి) వెండి కూడా తీస్తున్నా. పెరట్లోనే. మూడేళ్ల పాప, ఆరేళ్ల బాబు ఉన్నారు. పని అయ్యాక బెల్లం తిని, మజ్జిగ తాగుతాను. చాలా? (విశాఖపట్నం)

జవాబు: బెల్లం, మజ్జిగ మంచి ఆహారాలే. సీసానికీ వాటికీ సంబంధం లేదు. ఊపిరితిత్తుల్లోకి పోయిన దుమ్మును కడుపులోకి పోయే బెల్లం ఎలా కడుగుతుంది?

రెండు పనులకూ ప్రమాదం వేరు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. గుండ్లు పోసేటప్పుడు వేడి 400 దాటనివ్వకపోతే పొగ తక్కువే. అక్కడ అసలు విషం పైన తేలే బూడిద తెట్టు. ఎండితే పొడిగా లేచి చేతికి, లుంగీకి, బీడీకి, అక్కడినుంచి నోటికి చేరుతుంది. పలకల మీది పేస్టు తెట్టుకన్నా దారుణం. పాత పలకల సీసంలో యాంటిమొనీ, ఆర్సెనిక్ కూడా ఉంటాయి.

పుటంలో వేడి 850 నుంచి 950 డిగ్రీలు. సీసం ఎక్కువ భాగం ఆక్సైడయి ఎముక బూడిద పిడతలోకి ఇంకుతుంది, కొద్ది భాగం పొగవుతుంది. 20 గ్రాముల సీసంలో నూటికి ఒకపాలే పొగయిందనుకుందాం. అది రెండు లక్షల మైక్రోగ్రాములు. మూడు మీటర్ల చదరపు గదిలో, మూడు మీటర్ల ఎత్తున పరుచుకుంటే ఘనపు మీటరుకు 7,400. పని చేసేచోట ఎనిమిది గంటలకు అమెరికా హద్దు 50. వాడేసిన పిడత గోడ పక్కన పడేస్తే వానకు నాని మట్టిలో కలుస్తుంది, పాప ఆడుకునేది ఆ మట్టిలోనే.

ఆరుబయట చేస్తే చాలన్న నమ్మకం ఎంత ఖరీదైనదో 2010లో నైజీరియాలోని జాంఫారా రాష్ట్రంలో తేలింది. అక్కడ బంగారపు రాతిలో సీసం ఉంది. ఊళ్లోనే పిండిమరల్లో ఆడించి, ఇళ్ల దగ్గర ఎండబెట్టి కడిగారు. 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అంతకుముందు 2007, 2008ల్లో సెనెగల్ రాజధాని డకార్ శివారులో, పాత బ్యాటరీల సీసం కలిసిన మట్టిని జల్లించిన పేటలో 18 మంది పిల్లలు పోయారు.

ముందు ఇద్దరు పిల్లలకూ, మీ ఇంటావిడకూ, మీకూ రక్తంలో సీసం పరీక్ష చేయించండి. వేలు పొడిచి తీసే రక్తం వద్దు, చర్మం మీది సీసపు పొడి కలిసి తప్పు అంకె వస్తుంది. సిరలోంచే తీయించండి. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, ఆపైన ఉంటే సీసం ఎక్కడినుంచి వస్తోందో కనుక్కుని ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. పిల్లల్లో 45, ఆపైన అంకెలకు సీసాన్ని పట్టి బయటికి పంపే మందులు వాడాలి. అవి ఆసుపత్రి పర్యవేక్షణలోనే. ఆన్‌లైన్‌లో దొరికే ‘డిటాక్స్’ మాత్రలు వద్దు. పైగా పెరట్లో సీసం అలాగే ఉండగా మందు వేస్తే ఒకవైపు తోడుతూ ఇంకోవైపు పోస్తున్నట్టే. రక్తంలో సీసం నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది, అంకె తగ్గిందని సంతోషించేలోపు కొంత ఎముకల్లోకి చేరి దశాబ్దాలు ఉంటుంది. పిల్లలకు రక్తహీనత ఉంటే సీసం మరింత ఒంటపడుతుంది, ఇనుము లోపం ఉందేమో అదే రక్తంతో చూపించండి.

పెరట్లో పుటం, బ్యాటరీ పలకలు ఈరోజే ఆపండి. పాత బ్యాటరీలను డీలరుకో, నమోదైన రీసైక్లరుకో ఇవ్వండి. గుండ్లకు శుభ్రమైన సీసపు దిమ్మలు కొని, ఇంటికి దూరంగా పోసుకోండి. ఆ బట్టలు అక్కడే విప్పి విడిగా ఉతకాలి. పెరటి మట్టి పైపొర తీయించాల్సి రావచ్చు, అంతదాకా పిల్లల్ని అటు పోనివ్వకండి. నేల పొడిగా ఊడవకండి, తడిగుడ్డతో తుడిచి గుడ్డ పారేయండి.

ప్రశ్న: బోర్డుల బంగారం తీసిన ఆకుపచ్చ యాసిడ్ 15 లీటర్లు మిగిలింది. జింకుపొడి వేస్తే లోహాలన్నీ కిందికి దిగిపోతాయని, నీళ్లు డ్రైనేజీలో పోయొచ్చని చదివాను. (వరంగల్)

జవాబు: యాసిడ్‌లో జింకు వేస్తే హైడ్రోజన్ పుడుతుంది. ద్రావణంలో ఆర్సెనిక్ ఉంటే ఆ హైడ్రోజన్‌తో కలిసి ఆర్సీన్ అనే వాయువవుతుంది. కాస్త వెల్లుల్లి వాసన, అదీ విషం మోతాదు దాటాకే తెలుస్తుంది. రక్తకణాల్ని పగలగొడుతుంది. కొన్ని గంటలకు మూత్రం కోలా రంగులో వస్తే, అది ఆసుపత్రికి పరుగెత్తే సమయం. బోర్డుల మీది ఎల్ఈడీలు, కొన్ని రేడియో చిప్పుల్లో ఉండేది గాలియం ఆర్సెనైడు. కాబట్టి జింకు, అల్యూమినియం వద్దు. ఆర్సెనిక్ ఉందని అనుమానం ఉంటే ఇనుము కూడా వేయకండి, ద్రావణాన్ని అలాగే మూతబెట్టి అప్పగించండి.

అనుమానం లేకపోతే, ఆరుబయట, కళ్లద్దాలు పెట్టుకుని, ప్లాస్టిక్ బకెట్‌లో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి వదిలేయండి. రాగి ఎర్రటి బురదగా దిగుతుంది. శుభ్రమైన మేకు ముంచితే ఎర్రపూత పట్టకపోతే రాగి అయిపోయినట్టు. నికెల్, జింకు, కాడ్మియం ఇంకా నీళ్లలోనే ఉంటాయి. తేటను వేరే బకెట్‌లోకి వంచి, చిక్కటి సున్నపు నీళ్లను కొద్దికొద్దిగా, కలుపుతూ, వేడెక్కితే ఆగుతూ పోసి పీహెచ్ 10 దగ్గరికి తీసుకురండి. ఇంకా పెంచితే జింకు మళ్లీ కరుగుతుంది. ఒక రాత్రి తేరనివ్వండి. అడుగున దిగిన బురద, వడపోసిన గుడ్డ, చేతితొడుగులు అన్నీ ప్రమాదకర వ్యర్థాలే. పైన తేరిన నీళ్లు కూడా పరీక్ష చేయించకుండా కాలువలో పోసే సరుకు కాదు. తెలంగాణలో ఇలాంటి వ్యర్థాలను పూడ్చే కేంద్రం దుండిగల్ దగ్గర, ఆంధ్రలో పరవాడలో ఉన్నాయి. కాలుష్య నియంత్రణ మండలి ద్వారా అడగండి. వెండి పరీక్షకు అమోనియా కలిపిన ద్రావణం ఏదైనా మిగిలి ఉంటే దాచకుండా ఆరోజే ఆమ్లంగా మార్చండి, ఎండితే ముట్టుకోగానే పేలే పదార్థం ఏర్పడుతుంది.

ప్రశ్న: గ్యారేజీలో పాత ప్రాసెసర్లు, రేడియో పరికరాల పింగాణీ భాగాలు సుత్తితో పొడి చేసి బంగారం తీద్దామనుకుంటున్నాను. టంకంలో సీసం తప్ప ఇంకేమైనా భయం ఉందా? (డాలస్)

జవాబు: సోల్డరింగ్ ఐరన్‌తో ఊడదీసేటప్పుడు సీసం పెద్దగా ఆవిరి కాదు, కళ్లు మండించేది టంకంతో వాడే రాళం (రోజిన్) పొగ. చేతులు కడుక్కోకుండా తినడం అసలు దారి. బోర్డును మంటలో కాలిస్తే కథ వేరు, అది ఎప్పుడూ చేయకండి. మీ సుత్తిది ఇంకో భయం. ప్రాసెసర్ల పింగాణీ చాలావరకు అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు), అంత ప్రమాదం లేదు. పాత రేడియో పవర్ ట్రాన్సిస్టర్లలో మాత్రం బెరీలియం ఆక్సైడు పింగాణీ వాడేవారు. రెండూ తెల్లగానే ఉంటాయి. బెరీలియం దుమ్ము కొందరికి అలర్జీలా పట్టి, ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల్ని గట్టిపరుస్తుంది. కనెక్టర్ల స్ప్రింగు రేకుల్లోనూ రాగితో పాటు రెండు పాళ్ల దాకా బెరీలియం ఉండవచ్చు. పగలగొట్టడం, గ్రైండరు పెట్టడం, సానపట్టడం వద్దు.

ప్రశ్న: మా పెళ్లినాటి నగలు కేడీఎం, అంటే కాడ్మియం టంకంతో అతికినవి. కాడ్మియం ఒంటికి హాని అంటున్నారు, తీసేయాలా? (రాజమహేంద్రవరం నుంచి ఒక గృహిణి)

జవాబు: నిశ్చింతగా పెట్టుకోండమ్మా. టంకంలో గట్టిగా కలిసిపోయిన కాడ్మియం చర్మం మీద ఆవిరి కాదు. దాని ప్రమాదం మీకు కాదు, నగ అతికిన కంసాలికి. అందుకే ఇప్పుడు జింకు కలిపిన టంకాలు వాడుతున్నారు. ‘కేడీఎం’ అన్నది స్వచ్ఛత ముద్ర కూడా కాదు. ఇప్పటి హాల్‌మార్కులో బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత అంకె, ఆరు అక్షరాంకెల సంకేతం ఉంటాయి. నగ మార్పిడికి ఇచ్చి, మీ ఎదుటే కరిగిస్తుంటే మాత్రం మూస దగ్గరికి వంగి చూడకండి. వెంట పిల్లలుంటే ఆ పది నిమిషాలూ బయట నిలబెట్టండి.

*పొగ పీల్చాక ఆయాసం, ఛాతీ పట్టేసినట్టుంటే 108కి ఫోన్ చేయండి. విషాల గురించి వైద్యుడికైనా మీకైనా సలహా కావాలంటే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117.*